గెలుపు గాలిదా, పడవదా, మనిషిదా? తెరచాప పందేల తర్కంపై ఒక సింహావలోకనం

మా వేంసూరుకు సముద్రం లేదు, నది ఒడ్డూ లేదు. పడమట తిరువూరు, ఎగువన సత్తుపల్లి, ఈశాన్యాన అశ్వారావుపేట అడవులు. గోదావరిని చూడాలంటే భద్రాచలం దాకా పోవాలి. అయినా తెరచాప పందేల మీద జరిగే తర్కానికి చరిత్ర రాయడానికి ఈ సీమ తగనిది కాదని నా నమ్మకం. ఇక్కడ పందెం చూసిన ప్రతి మనిషీ విమర్శకుడే. సంక్రాంతికీ తిరునాళ్ళకూ ఒంగోలు గిత్తల బండలాగుడు పోటీలు పెడతారు. రెండు పళ్ళ విభాగం, నాలుగు పళ్ళ విభాగం, ఆరు పళ్ళ విభాగం అని వయసును బట్టి జతలను విడదీసి, పెట్టిన గడువులో ఏ జత బండను ఎన్ని అడుగులు లాగిందో కొలుస్తారు. కొలత తేలాకే అసలు చర్చ మొదలవుతుంది. గిత్తల సత్తువ గెలిపించిందా, తోలినవాడి నేర్పా, లేక ముందు జతలు లాగి నేలను నునుపు చేసిపెట్టడమా? తెరచాప పందెం చూసినవాళ్ళు నూట డెబ్బై ఏళ్ళకు పైగా అడుగుతున్నదీ ఇదే. గెలుపు పడవదా, మనిషిదా, గాలిదా? దీనికి ఒక్కో తరం ఒక్కో జవాబు చెప్పింది. ఆ జవాబులు ఎలా మారుతూ వచ్చాయో, అందులో మన తెలుగు నీళ్ళ పాత్ర ఎంతో చూడాలన్నదే ఈ వ్యాసం ఉద్దేశం.

పందేల మాట ఎలా ఉన్నా, తెరచాపతో తెలుగు నేలకు పరిచయం చాలా పాతది. క్రీస్తుశకం రెండో శతాబ్దంలో యజ్ఞశ్రీ శాతకర్ణి వేయించిన నాణేల మీద రెండు స్తంభాల ఓడ బొమ్మ కనిపిస్తుంది. చేత పట్టుకొని సంతకు పోయే నాణెం మీద ఓడను ముద్రించారంటే ఆ రాజ్యపు సంపదలో గాలికి ఎంత వాటా ఉండేదో ఊహించుకోవచ్చు. వెయ్యేళ్ళ తరువాత, 1244 ప్రాంతంలో కాకతీయ గణపతిదేవ చక్రవర్తి మోటుపల్లి రేవులో అభయ శాసనం వేయించాడు. గాలివానకు చిక్కి దారితప్పి ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల్లోని సరుకును అంతకుముందు పాలకులు లాక్కునేవారు. గణపతిదేవుడు ఆ పద్ధతిని తీసివేసి, నిర్ణయించిన సుంకం తప్ప మరేదీ పుచ్చుకోనని వర్తకులకు మాట ఇచ్చాడు. గాలి చేసిన పనికి నావికుణ్ణి దండించరాదని ఒక రాజు రాతి మీద చెక్కించాడన్నమాట. గాలి బాధ్యత ఎంత, మనిషి బాధ్యత ఎంత అని విడదీసి చూసిన మొదటి తెలుగు తీర్పుగా నేను దాన్ని లెక్కిస్తాను.

ఆ తరువాతి శతాబ్దాల్లో మచిలీపట్నం, భీమునిపట్నం, కోరంగి రేవులు వెలిగాయి. గోదావరి ముఖద్వారంలోని కోరంగి ఓడల నిర్మాణానికి పేరు పొందింది. 1839 నవంబరులో వచ్చిన పెనుతుఫాను ఆ రేవును చావుదెబ్బ తీసింది గాని, తాళ్ళరేవు చుట్టుపక్కల కర్రతో ఓడలు కట్టే విద్య ఆ తరువాత కూడా తరతరాలు నిలిచింది. నది మీద వేరే లోకం ఉండేది. రాజమహేంద్రవరం నుంచి పాపికొండల గుండా కూనవరం, భద్రాచలం వైపు వచ్చే పడవలకు గాలి అనుకూలిస్తే తెరచాప, అనుకూలించకపోతే గడలు, అదీ కుదరకపోతే ఒడ్డున నడుస్తూ తాడుతో లాగే మనుషులు. కొండల మధ్య గాలి ఏ మలుపులో తిరుగుతుందో, ఏ మలుపులో చచ్చిపోతుందో తెలిసిన సరంగుకు గౌరవం ఉండేది. అక్కడ పందెం పేరుతో ఏదీ జరగకపోయినా, ఒకే రోజు బయలుదేరిన రెండు పడవల్లో ఒకటి ముందు చేరిందంటే అందుకు కారణం వెతకని పడవవాడు ఉండడు. ఆ మాటలు ఎవరూ రాసిపెట్టలేదు. రాసి ఉంటే మన భాషలో తెరచాప తర్కానికి మొదటి గ్రంథం అదే అయ్యేది.

ఈ నది మీద ఇంగ్లీషు ఇంజనీర్లు పెద్ద కల కన్నారు. 1847లో మొదలైన ధవళేశ్వరం ఆనకట్ట 1852కు పూర్తయ్యాక, ఆర్థర్ కాటన్ చూపు ఎగువ గోదావరి మీద పడింది. నది పొడవునా పడవలు నడిపి మధ్య భారతపు పత్తిని సముద్రానికి దించాలన్నది ఆయన ఆలోచన. అడ్డుగా నిలిచిన రాతి మెట్లలో మొదటిది భద్రాచలం ఎగువన దుమ్ముగూడెం వద్ద ఉంది. హేగ్ అనే ఇంజనీరు ఆధ్వర్యంలో అక్కడ ఆనకట్ట, లాకులు కట్టారు. ఖర్చు పెరిగింది, మన్యపు జ్వరాలు పనివాళ్ళను తిన్నాయి, ఈలోగా రైలు వచ్చింది. 1870ల ఆరంభంలో పథకాన్ని వదిలేశారు. దుమ్ముగూడెం ఆనకట్ట మాత్రం మిగిలింది. 1965లో భద్రాచలం వద్ద గోదావరి మీద వంతెన ప్రారంభమయ్యాక జనం రోడ్డెక్కారు. నది మీద మిగిలిన ప్రయాణం ఇంజను లాంచీలది. మా అడవి అంచు ప్రాంతంలో తెరచాప ఆ విధంగా బతుకుతెరువు నుంచి తప్పుకుంది. అది ఆటగా తిరిగి వచ్చింది మాత్రం ఇక్కడికి కాదు, రాజధాని చెరువులోకి.

ఆటగా మారిన కథ చెప్పాలంటే కొద్దిసేపు సముద్రాలు దాటాలి. 1851 ఆగస్టు 22న ఇంగ్లండులో వైట్ దీవి చుట్టూ జరిగిన పందెంలో ‘అమెరికా’ అనే స్కూనర్ ఒక్కటే వెళ్ళి బ్రిటిష్ పడవల బారునంతా ఓడించింది. ఆ వెండి కప్పే తరువాత అమెరికాస్ కప్‌గా పేరు పొందింది. ఈ నాటి దాకా సాగుతున్న వాదనలన్నీ ఆ సాయంత్రమే పుట్టాయి. అమెరికా వాళ్ళ తెరచాపలు మరమగ్గం మీద నేసిన బిగుతు నూలు గుడ్డవి, ఇంగ్లీషువాళ్ళవి గాలికి సంచిలా ఉబ్బే నారగుడ్డవి. కాబట్టి గెలుపు గుడ్డదని కొందరు అన్నారు. ఒక దీపపు ఓడకు బయటివైపు నుంచి చుట్టి రావాల్సింది పోయి లోపలివైపు నుంచి వచ్చి దారి కలిసొచ్చేలా చేసుకున్నారని మరికొందరు అన్నారు. నిబంధన కాగితం రెండు రకాలుగా ఉండటంతో ఆ ఫిర్యాదు నిలవలేదు. పదిహేనేళ్ళ తరువాత, 1866లో, చైనాలోని ఫూచౌ నుంచి తేయాకుతో బయలుదేరిన ఓడల్లో ‘టేపింగ్’, ‘ఏరియల్’ రెండూ మూడు నెలలకు పైగా సముద్రం మీద పరుగెత్తి, ఒకే రోజు, ఒకే పోటులో, అరగంటలోపు తేడాతో లండన్ రేవు చేరాయి. ఇంగ్లిష్ చానల్‌లో ఏరియల్ కాస్త ముందుంది. రేవులోకి లాగిన ఆవిరి టగ్గు మెరుగైనది దొరకడంతో టేపింగ్ ముందు కట్టుబడింది. గెలుపు ఎవరిదో తేల్చుకోలేక యజమానులు బహుమానాన్ని చెరిసగం పంచుకున్నారు. అరేబియా, బంగాళాఖాత తీరాల్లో ఇంగ్లీషు దొరలు పెట్టుకున్న యాట్ క్లబ్బులకు వెనుక ఉన్నదీ ఇలాంటి పందేల ఉత్సాహమే. బొంబాయిలో 1846లో, మద్రాసులో 1911లో అలాంటి క్లబ్బులు వెలిశాయి.

హైదరాబాద్‌కు సముద్రం లేని లోటును 1562లో ఇబ్రహీం కులీ కుతుబ్‌షా కాలంలో హుస్సేన్ షా వలీ కట్టించిన చెరువు, హుస్సేన్ సాగర్, తీర్చింది. తాగునీటికీ సాగునీటికీ తవ్వించిన ఆ సాగరానికి ఉత్తరాన 1806లో సికింద్రాబాద్ దండు విడిది వెలిసింది. కంటోన్మెంటు అధికారులు పడవ షికారును ఆ నీటి మీదికి తెచ్చారు. సికింద్రాబాద్ వైపు ఇప్పటికీ వినిపించే బోట్స్ క్లబ్, సెయిలింగ్ క్లబ్ అన్న స్థలాల పేర్లు ఆ కాలపు ఆనవాళ్ళే. స్వాతంత్ర్యం తరువాత ఆ అలవాటును భారత సైన్యం అందుకుంది. తిరుమలగిరిలో స్థిరపడిన, సైన్యపు యంత్రాల మరమ్మతు చూసే ఈఎంఈ విభాగం వాళ్ళు ఈఎంఈ సెయిలింగ్ అసోసియేషన్‌ను నడిపి, జవాన్లకు తెరచాప పాఠాలు నేర్పారు. పొలాల నుంచి, పల్లెల నుంచి వచ్చి, సైన్యంలో చేరాకే తొలిసారి పడవెక్కిన యువకులు జాతీయ స్థాయి సెయిలర్లుగా ఎదిగిన చోటు అది. 1960లో యాటింగ్ అసోసియేషన్ ఆఫ్ ఇండియా ఏర్పడింది. 1972 మ్యూనిక్ ఒలింపిక్స్‌లో సోలి కాంట్రాక్టర్, బాసిత్ జోడీ దేశం తరఫున తెరచాప ఎత్తారు. మా వేంసూరు నియోజకవర్గం నుంచి గెలిచిన జలగం వెంగళరావు 1973లో ముఖ్యమంత్రి అయ్యి, ఆ సాగరం ఒడ్డునున్న సచివాలయంలో కూర్చున్న నాటికి, కిటికీ అవతల నీటి మీద తెల్ల తెరచాపలు కదలడం నగరానికి కొత్త కాదు.

1983 వేసవి భారతీయులకు కపిల్‌దేవ్ వేసవి. తెరచాప లోకానికి అదే ఏడాది సెప్టెంబరు 26 అంతకంటే పెద్ద తేదీ. 132 ఏళ్ళపాటు న్యూయార్క్ యాట్ క్లబ్బు చేయి దాటని అమెరికాస్ కప్‌ను ఆ రోజు ‘ఆస్ట్రేలియా 2’ ఎగరేసుకుపోయింది. 3-1తో వెనకబడి 4-3తో గెలిచింది. పడవ అడుగున బెన్ లెక్సెన్ రూపొందించిన రెక్కల కీల్‌ను ఆ వేసవి అంతా గుడ్డలతో కప్పి దాచారు. ఆఖరి పందెంలో అమెరికన్ ‘లిబర్టీ’ నడిపిన డెన్నిస్ కానర్ ముందున్నాడు. ఐదో మజిలీలో గాలి వెనకనుంచి వీస్తుండగా ‘ఆస్ట్రేలియా 2’ నడిపిన జాన్ బెర్‌ట్రాండ్ వేరే వైపు మొగ్గి, కొత్త గాలిని దొరకబుచ్చుకొని దాటేశాడు. నలభై ఒక్క సెకన్ల తేడా. రెక్కల కీల్ గెలిపించిందని సగం లోకం, ముందున్నవాడు వెనకవాణ్ణి కప్పి ఉంచాలన్న మొదటి సూత్రాన్ని కానర్ ఆ మజిలీలో పాటించలేకపోయాడని మిగతా సగం. నలభై ఏళ్ళు దాటినా ఈ వాదం చల్లారలేదు. ఐదో మజిలీ చూసినవాడెవడూ కీల్ ఒక్కటే గెలిపించిందని అనడని నా అభిప్రాయం. కీల్ ఆ పడవను పోటీలోకి తెచ్చింది. ఆ మలుపులో గాలిని చదివింది మాత్రం మనిషే.

పడవ గెలిచిందా, మనిషి గెలిచాడా అన్న గొడవను పూర్తిగా పక్కన పెట్టేయడానికి ఒక మార్గం ఉంది. అందరికీ ఒకే పడవ ఇవ్వడం. కెనడా వాసి బ్రూస్ కర్బీ గీసిన గీతల నుంచి 1971లో మార్కెట్‌లోకి వచ్చిన లేజర్ సరిగ్గా అదే చేసింది. నాలుగు మీటర్లకు కాస్త పైన పొడవు, ఒక్క మనిషి, ఒక్క తెరచాప, ప్రపంచమంతటా ఒకే అచ్చు. 1996 నుంచి ఒలింపిక్ పడవ. ఇప్పుడు దాని పేరు ఐఎల్‌సీఏ. బరువైనవాళ్ళకు పెద్ద తెరచాప, తేలికవాళ్ళకు, పిల్లలకు చిన్న తెరచాప, కింద పడవ దేహం మాత్రం మారదు. 1980ల నుంచి ఏటా జులైలో హుస్సేన్ సాగర్ మీద లేజర్ తరగతి సంఘం, ఈఎంఈ సెయిలింగ్ అసోసియేషన్ కలిసి జరుపుతున్న హైదరాబాద్ సెయిలింగ్ వీక్ ఈ పడవ చుట్టూ అల్లుకున్నదే. జులై ఎందుకంటే అప్పటికి నైరుతి గాలి నిలదొక్కుకుంటుంది. వానాకాలపు ఆ నెలలో దేశం నలుమూలల నుంచి సైన్యం, నౌకాదళం, క్లబ్బుల సెయిలర్లు తమ తెరచాపలతో సికింద్రాబాద్ చేరతారు.

ఈ పందెం గురించి పాఠకుడికి కొంత వివరంగా చెప్పక తప్పదు, ఎందుకంటే తర్కమంతా ఈ వివరాల్లోనే ఉంది. ఎదురుగాలికి నేరుగా ఏ తెరచాపా పోలేదు. గాలికి సుమారు 45 డిగ్రీల కోణంలో ఓసారి కుడికీ, ఓసారి ఎడమకీ మళ్ళుతూ, వంకర దారిలో పైకెక్కాలి. ప్రతి మళ్ళింపూ ఒక ట్యాక్, ప్రతి ట్యాక్‌కూ కొంత వేగం పోతుంది. బయలుదేరే గీత దగ్గర గంట కొట్టకముందు ఎవరూ గీత దాటకూడదు, కొట్టిన క్షణంలో పూర్తి వేగంతో దాటాలి. అందుకే చివరి నిమిషంలో పదుల పడవలు ఒకదాన్నొకటి నెట్టుకుంటున్నట్టు దగ్గరపడతాయి. ముందున్న పడవ తెరచాప చీల్చిన గాలి వెనకవాడికి చెదిరి అందుతుంది. ఆ చెదిరిన గాలిలో చిక్కుకున్నవాడు బయటపడాలంటే మళ్ళాలి, మళ్ళితే వేగం పోతుంది. ఎదురుపడ్డ రెండు పడవల్లో గాలిని కుడిచేతివైపు నుంచి తీసుకుంటున్నవాడికి దారి హక్కు. ఎడమనుంచి తీసుకుంటున్నవాడు తప్పుకోవాలి. తప్పుకోకుండా తగిలితే అక్కడే చుట్టూ గిరగిరా తిరిగి శిక్ష అనుభవించాలి. లేదా ఒడ్డుకొచ్చాక ఫిర్యాదు విచారణలో నిలబడాలి. మొదట వచ్చినవాడికి ఒక పాయింటు, రెండోవాడికి రెండు. వారమంతా కలిపి తక్కువ పాయింట్లవాడు విజేత. చెత్త పందెం ఒకదాన్ని లెక్కలోంచి తీసేస్తారు. కాబట్టి ఒక్కరోజు మెరుపు కంటే వారమంతా నిలకడ విలువైనది.

హుస్సేన్ సాగర్‌లో పందెం చూసేవాళ్ళకు ఇంకో పాఠం కూడా ఉంది. సముద్రపు గాలి ఒకే దిక్కు నుంచి గంటల తరబడి నిలకడగా రావచ్చు. ఈ చెరువు మీద అలా కాదు. పడమటి నుంచి వచ్చే గాలి నెక్లెస్ రోడ్డు వైపున్న ఎత్తైన భవనాల మధ్య చీలి, గుట్టల మీద నుంచి జారి, నీటి మీద పాయలు పాయలుగా దిగుతుంది. ఒక పక్కన నీరు ముడతలు పడి నల్లబడుతుంది, అది గాలి దిగిన చోటు. పక్కనే అద్దంలా నిలిచిన నీరు, అక్కడ పడవ ఆగిపోతుంది. నగరం ఎత్తు పెరిగేకొద్దీ ఈ చీలికలు పెరుగుతూ వచ్చాయి. 1980ల్లో పోటీ చేసినవాళ్ళు చదివిన గాలీ, ఇప్పటి పిల్లలు చదువుతున్న గాలీ ఒకటి కావు. ఇక్కడ గెలుపు అదృష్టమేనని సముద్రంలో పెరిగిన సెయిలర్లు అనడం సహజం. ఏటా అదే కొద్దిమంది పేర్లు పట్టికలో పైన ఉండటాన్ని బట్టి, అదృష్టం ఒక్కటే అని నేను ఒప్పుకోను. పాయలను ముందే పసిగట్టే కన్ను ఉన్నవాళ్ళకు ఈ చెరువు అన్యాయం చేయదు.

2009లో సుహేమ్ షేక్ స్థాపించిన యాట్ క్లబ్ ఆఫ్ హైదరాబాద్ ఈ కథలో నిజమైన మలుపు. అంతదాకా తెరచాప అంటే యూనిఫాంలో ఉన్నవాళ్ళది, లేదా స్తోమత గలవాళ్ళది. సంజీవయ్య పార్కు ఒడ్డున ఈ క్లబ్బు ప్రభుత్వ పాఠశాలల, బస్తీల పిల్లల కోసం తలుపు తెరిచింది. 1947లో ఫ్లోరిడాలో క్లార్క్ మిల్స్ రూపొందించిన చిన్న పెట్టెలాంటి ఆప్టిమిస్ట్ పడవల్లో, సముద్రం ఎన్నడూ చూడని పిల్లలు తాడు ముడులు, చుక్కాని, గాలి దిక్కు నేర్చుకున్నారు. వానాకాలంలో ఆ క్లబ్బు నడిపే మాన్‌సూన్ రెగట్టాకు దేశమంతటి పిల్లలు వస్తారు. అక్కడ పెరిగిన ప్రీతి కొంగర ఇద్దరు నడిపే 470 పడవలోకి ఎదిగి, సుధాంశు శేఖర్‌తో కలిసి హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో భారత్ తరఫున పోటీ చేసింది. బస్తీ పిల్లలు పోటీలోకి వచ్చాక ఒడ్డు మీది చర్చ కూడా మారింది. అంతకుముందు ఇంగ్లీషులో, సైనిక పరిభాషలో సాగిన మాటలు తెలుగులోకి, దక్కనీ ఉర్దూలోకి వచ్చాయి. ‘గాలి ఎడమకు తిరిగింది, వాడు ముందే చూసిండు’ అనే తండ్రి మాటలో గోదావరి సరంగు తీర్పు మళ్ళీ పలికింది.

ఈలోగా బయటి ప్రపంచంలో పడవ నీటిని వదిలేసింది. నీటి అడుగున రెక్కలాంటి ఫాయిళ్ళు అమర్చితే, వేగం పెరిగేకొద్దీ అవి పడవను పైకి లేపుతాయి. పడవ దేహం గాలిలో ఉంటే నీటి ఒరిపిడి దాదాపు పోతుంది. 2013లో శాన్‌ఫ్రాన్సిస్కో అఖాతంలో జరిగిన అమెరికాస్ కప్‌లో 72 అడుగుల జోడు దేహాల పడవలు గంటకు 80 కిలోమీటర్ల దాకా దూసుకుపోయాయి. సిలికాన్ వ్యాలీలో వేలాది తెలుగు కుటుంబాలున్న ఆ తీరంలోనే, హైదరాబాద్‌లోనూ పెద్ద కార్యాలయం ఉన్న ఒరాకిల్ పేరుతో ఒక జట్టు దిగింది. ఎదురు జట్టు న్యూజీలాండ్. మొదట్లోనే రెండు పాయింట్ల కోత శిక్షతో దిగిన ఒరాకిల్ 8-1తో ఓటమి అంచుకు చేరింది. న్యూజీలాండ్‌కు ఒక్క గెలుపు చాలు. గాలి మరీ తగ్గిన ఒక రోజు న్యూజీలాండ్ చాలా దూరం ముందుండగానే నలభై నిమిషాల గడువు ముగిసి పందెం రద్దయ్యింది. ఆ తరువాత ఒరాకిల్ వరసగా గెలుస్తూ పోయి సెప్టెంబరు 25న 9-8తో కప్పు నిలబెట్టుకుంది. దీని మీద జరిగినంత చర్చ తెరచాప చరిత్రలో ఇంకెక్కడా జరగలేదేమో. వ్యూహకర్తగా కోస్టెకీ స్థానంలో బెన్ ఎయిన్‌స్లీని తేవడం కారణమా? రాత్రిళ్ళు షెడ్డులో పడవకు చేసిన మార్పులా? ఎదురుగాలిలో కూడా ఫాయిళ్ళ మీద లేచి నడవడం ఒరాకిల్ సారథి స్పిట్‌హిల్ జట్టు నేర్చుకోవడమా? నాకు మూడోదే బలంగా కనిపిస్తుంది. మొదటి వారంలో ఎదురుగాలి మజిలీల్లో వెనకబడిన పడవే రెండో వారంలో అవే మజిలీల్లో దాటిపోవడం చూసినవాడికి అనుమానం అక్కర్లేదు. అయినా ఆ రద్దయిన పందెం న్యూజీలాండ్ అభిమానుల గుండెల్లో ముల్లులా మిగిలింది. గాలి చేసిన పనికి మనిషిని దండించడం న్యాయమా అన్న మోటుపల్లి ప్రశ్నే అది.

ఆ తరువాత వేగం ఆగలేదు. 2017లో బెర్ముడాలో న్యూజీలాండ్ సిబ్బంది సైకిలు తొక్కినట్టు కాళ్ళతో హైడ్రాలిక్ శక్తి పుట్టించి 7-1తో కప్పు తిరిగి తెచ్చుకున్నారు. 2021లో ఆక్లాండ్‌లో ఇటలీని 7-3తో, 2024లో బార్సిలోనాలో బ్రిటన్‌ను 7-2తో ఓడించి నిలబెట్టుకున్నారు. ఇంతలో ఒరాకిల్ జట్టు వెనకున్న లారీ ఎలిసన్, రసెల్ కౌట్స్ కలిసి 2019లో సెయిల్‌జీపీ లీగ్ మొదలుపెట్టారు. అన్ని దేశాలకూ ఒకే నమూనా ఎఫ్50 పడవలు, ప్రతి పడవలోని కొలతల సమాచారం అన్ని జట్లకూ అందుబాటులో. ఒకప్పటి లేజర్ సూత్రాన్ని గంటకు 90 కిలోమీటర్లు దాటిన వేగంలో పెట్టినట్టు. మొదటి మూడు సీజన్లూ టామ్ స్లింగ్స్‌బీ నడిపిన ఆస్ట్రేలియావే. నాలుగోది స్పెయిన్ ఎగరేసుకుపోయింది. ఇక్కడ అభిమానులు రెండు వర్గాలుగా చీలారు. పాతవారు అనేదేమంటే, నిజమైన గాలి కంటే పడవే మూడింతల వేగంతో పోతుంటే పడవకు తగిలే గాలి ఎప్పుడూ ముందునుంచే వస్తుంది, గాలి వెనకాల పరుగెత్తే ఆ పాత మజిలీల అందం పోయింది. ముందున్నవాడు వెనకవాడి గాలిని కప్పే కళ కూడా పోయింది, మొదటి మలుపు గెలిచినవాడే పందెం గెలుస్తున్నాడు. కొత్తవారి జవాబు వేరు. ఒక్క మళ్ళింపులో ఫాయిళ్ళ మీంచి జారి నీటిలో పడితే వందల మీటర్లు పోతాయి, అందుకే ఎన్నిసార్లు మళ్ళాలి, ఏ సరిహద్దు దగ్గర మళ్ళాలి అన్న లెక్కే ఇప్పటి వ్యూహం, అది రెప్పపాటులో జరుగుతుంది. నా దృష్టిలో కొత్తవారి మాటలో సత్యం ఎక్కువ. వ్యూహం చావలేదు. ఆలోచించడానికి దొరికే సమయమే కుదించుకుపోయింది. కాని చూసేవాడికి ఆ ఆలోచనను విడమర్చి చెప్పే వ్యాఖ్యాత లేకపోతే, ఈ వేగం కంటికి విందు తప్ప బుద్ధికి మేత కాదు. తెలుగులో అలాంటి వ్యాఖ్యానం ఇంకా పుట్టలేదన్నది నా బాధ.

వేగం ఒక్కటే కొలత కాదని చెప్పిన ఘట్టం కూడా ఇదే దశాబ్దంలో ఉంది. 2017 సెప్టెంబరు 10న గోవా నుంచి ‘తారిణి’ అనే 55 అడుగుల తెరచాప పడవలో నౌకాదళానికి చెందిన ఆరుగురు మహిళా అధికారులు భూగోళాన్ని చుట్టి రావడానికి బయలుదేరారు. లెఫ్టినెంట్ కమాండర్ వర్తికా జోషి నాయకురాలు. ఆ ఆరుగురిలో విశాఖపట్నం నుంచి వచ్చిన పాతర్లపల్లి స్వాతి, హైదరాబాద్ నుంచి వచ్చిన బొడ్డపాటి ఐశ్వర్య ఉన్నారు. 2018 జనవరిలో కేప్ హార్న్ చుట్టారు. తిరుగుదారిలో చుక్కాని వ్యవస్థ చెడితే మారిషస్‌లో ఆగి బాగుచేసుకొని, మే 21న గోవా చేరారు. 254 రోజులు, సుమారు 21,600 నాటికల్ మైళ్ళు. ఆ ప్రయాణంలో ప్రత్యర్థి లేరు, పాయింట్ల పట్టిక లేదు. దక్షిణ సముద్రపు గాలిని తట్టుకోవడమే పోటీ. కోరంగి కాలం నుంచి పురుషులదిగా నడిచిన తెలుగువారి తెరచాప చరిత్రలో ఇద్దరు తెలుగు ఆడపిల్లలు ప్రపంచాన్ని చుట్టిరావడం ఏ కప్పుకూ తీసిపోదు.

పతకాల లెక్కకు వస్తే, 2023 ఆసియా క్రీడల్లో మూడు దక్కాయి. హాంగ్‌ఝౌలో నేహా ఠాకూర్ ఐఎల్‌సీఏ-4లో రజతం, విష్ణు శరవణన్ ఐఎల్‌సీఏ-7లో కాంస్యం, ఇబాద్ అలీ విండ్‌సర్ఫింగ్‌లో కాంస్యం తెచ్చారు. నేహా భోపాల్ చెరువు మీద తయారైన అమ్మాయి. రాజులు తవ్వించిన చెరువుల్లోంచి అంతర్జాతీయ సెయిలర్లు పుడతారనడానికి ఆమె సాక్ష్యం. పారిస్ ఒలింపిక్స్‌లో విష్ణు, నేత్రా కుమనన్ పోటీ చేశారు, అదీ ఒకే అచ్చు పడవల్లోనే. అదే పారిస్‌లో ఫాయిళ్ళ మీద లేచే విండ్‌సర్ఫింగ్, గాలిపటాల కైట్ పందేలు ఒలింపిక్ వేదిక ఎక్కాయి. ఇప్పుడు మన సెయిలింగ్ వర్గాల ముందున్న ప్రశ్న అక్కడి నుంచే వచ్చింది. ఫాయిళ్ళ పడవలకు లోతైన, శుభ్రమైన నీరు కావాలి. నీటి కిందికి మీటరు దాకా దిగే రెక్కకు ఒక్క గుర్రపుడెక్క తీగ, ఒక్క ప్లాస్టిక్ సంచి చుట్టుకున్నా మనిషి తలకిందులవుతాడు. మురుగు కాలువలు, నిమజ్జనాల మిగుళ్ళు చేరే హుస్సేన్ సాగర్ ఆ స్థితిలో లేదు. కొందరు అంటున్నది, హైదరాబాద్‌ను ఐఎల్‌సీఏ పాఠశాలగానే ఉంచి, ఫాయిళ్ళ శిక్షణను నౌకాదళం అండ ఉన్న విశాఖ తీరానికి తీసుకుపోవాలని. ఇంకొందరు అంటున్నది, బస్తీ పిల్లలు విశాఖ పోలేరు, కాబట్టి చెరువునే బాగుచేయాలని. నేను రెండోవారి పక్షం. విశాఖలో ఫాయిళ్ళు రావలసిందే, కాని సంజీవయ్య పార్కు ఒడ్డు నుంచి పిల్లలు నడిచి వెళ్ళగల దూరంలో ఫాయిళ్ళు లేచే నీరు ఉండేలా సాగరాన్ని శుద్ధి చేయడం నగరపాలకులు మొదట తీర్చవలసిన పని. ఆసియా క్రీడలు 2026లో జపాన్‌లోని ఐచి-నగోయాలో, ఒలింపిక్స్ 2028లో లాస్ ఏంజెలెస్‌లో జరగనున్నాయి. వాటికి ముందు వచ్చే జులైల్లో హుస్సేన్ సాగర్ మీది గాలి ఎప్పటిలాగే పడమటి నుంచే వీస్తుంది.